అత్తగారి పెండలం పందిరి

మన సంఘం వాళ్ళు నలుగురు కలిసినచోట పెండలం మాట ఎత్తితే, సగం మంది "తెలియకేమండీ, సగ్గుబియ్యం చేసే దుంపే కదా" అంటారు. అది కర్రపెండలం. సేలం వైపు పొలాలకు పొలాలు అదే. తమిళులు మరవల్లి అంటారు. మిగిలినవాళ్ళలో కొందరు చిలగడదుంప అనుకుంటారు. నేను రాయబోయేది ఆ రెండింటి గురించీ కాదు. తమలపాకును పోలిన ఆకులతో పందిరెక్కి, సంక్రాంతి నాటికి ఆకంతా రాల్చేసి, మట్టిలో వంగపండు రంగు దుంపను దాచుకునే తీగ పెండలం గురించి. మొదట్లో నేను కూడా పొరబడినదాన్నే కనుక ఎవరినీ తప్పు పట్టను.

మాది లత్తేరి. చెన్నై నుంచి బెంగుళూరు వెళ్ళే రైలు దారిలో కాట్పాడి దాటాక, గుడియాత్తం ఇంకా రాకముందు వచ్చే చిన్న స్టేషను. పెద్ద బండ్లు ఆగవు కనుక మీలో చాలామంది కిటికీలోంచి పసుపు బోర్డు మీద పేరు చదివి ఉంటారేగాని దిగి ఉండరు. మా మామగారు కోనసీమ మనిషి. రైల్వే ఉద్యోగం ఆయన్ని ఎన్నో ఊళ్ళు తిప్పి 1961లో ఇక్కడికి తెచ్చింది. వేసవిలో వేలూరు ఎండలకు రోజూ తిట్టుకుంటూనే, ఇక్కడే పది సెంట్ల ఎర్రనేల కొని ఇల్లు కట్టుకున్నారు. మా అత్తగారు కాపురానికి వస్తూ తెచ్చుకున్న రేకు ట్రంకు పెట్టెలో చీరల మధ్య గుడ్డలో చుట్టిన ఒక పెండలం ముక్క కూడా ఉండేదట. పుట్టింటి కొబ్బరితోట నీడలో తీసిన దుంప. ఆ ముక్కే ఈ కథంతటికీ మూలం.

నేను పుట్టింది గుడియాత్తంలో. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటులోంచి కొన్ని తాలూకాలు అటు వెళ్ళాయి, మా గుడియాత్తం ఇటు ఉండిపోయింది. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ అనే తెలుగు. అత్తవారింటికి వస్తే అక్కడ ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప. 1978లో కొత్త కోడలిగా వచ్చిన మూడో వారం అత్తగారు "అమ్మాయ్, పెండలం కోసి పెట్టు, పులుసు పెడతాను" అన్నారు. వంటింట్లో మూలన వంకరటింకరగా, మట్టి అంటుకుని, చిన్న ఏనుగు పాదంలా ఏదో పడి ఉంది గాని, అది తినే వస్తువని నాకు తోచలేదు. గుట్టు చప్పుడు కాకుండా వీధి చివర కొట్టుకు వెళ్ళి మరవల్లి కొనుక్కొచ్చి చెక్కు తీసి కూర్చున్నాను. అత్తగారు చూసి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ఆ మూలనున్న దుంపను కత్తిపీట మీద పెట్టి రెండుగా చీల్చారు. తోలు కింద కాలి అంచుకు పసుపు రాసినట్టుగా చుట్టూ వంగపండు రంగు గీత, లోపల పాలలో ఆ రంగు ఒక్క చుక్క కలిపినట్టు లేత ఊదా. మట్టిలో అంత అందమైన రంగు ఎలా పుడుతుందా అని అలా చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత చేతులు దురద పెట్టాయనుకోండి, అది వేరే సంగతి. పచ్చి పెండలం తరిగేముందు చేతికి నూనె రాసుకోవాలని ఆవిడ చెప్పడం మరిచారు. మరిచారో, మరవల్లికి శిక్ష వేశారో!

తీగ మొదలును అంటిపెట్టుకుని ఉండే దుంప పై భాగాన్ని అత్తగారు "తల" అనేవారు. పెండలానికి మనం నాటుకునేటట్టు గింజలుండవు. దుంప ముక్కే విత్తనం. కింది ముక్క కూడా మొలుస్తుందిగాని ఆలస్యంగా, ఒక్కోసారి మొలవకుండా కుళ్ళిపోతుంది. తల మాత్రం నమ్మకంగా ముందు మొలుస్తుంది. అందుకని ప్రతి దుంపకూ పై నుంచి జానెడు కోసి, కోతకు బూడిద రాసి నీడన ఆరబెట్టి, అటక మీద ఎండుగడ్డి పరిచి పెట్టేవారు. అటక తలుపు లోపలి వైపున బొగ్గుతో గీతలు గీసేవారు. ఏడాదికి ఒక వరస, తలకు ఒక గీత. ఆ తర్వాత ఆ ఏడు ఇంట్లో కూరగాయ లేక పచ్చడి మెతుకులు తిన్నా సరే, అటక మీదికి చెయ్యి వెళ్ళకూడదు. ఒకసారి మా ఆడపడుచు పిల్లలు వచ్చినప్పుడు, పెండలం వేపుడు కావాలని వాళ్ళు ఏడిచినా ఇవ్వలేదు. "వచ్చే సంక్రాంతికి రండర్రా" అన్నారు. నాకు అది పిసినారితనంలా కనిపించింది. మనసులో అనుకున్నాను కూడా.

2016 పుష్యమాసంలో, పెండలం తవ్విన వారానికి, అత్తగారు పోయారు. నిద్రలోనే వెళ్ళిపోయారు. పన్నెండో రోజు భోజనాలకు వంటవాళ్ళు వచ్చారు. ఇల్లంతా జనం. కంద, చేమ, పెండలం ఇలాంటి వంటలకు మా ఇళ్ళలో పనికొచ్చేవే కదా. వంటాయన వచ్చి, "అమ్మా, అటక మీద దుంపలున్నాయి, వాడుకోమంటారా?" అని అడిగాడు. నేను ఎవరికో బస్సు టైము చెబుతూ, తల కూడా తిప్పకుండా "వాడండి" అన్నాను. ఆయన తప్పు ఏమీ లేదు. అడిగే వాడాడు.

విస్తరి ముందు కూర్చున్న మావారు "ఈ పెండలం మన పెరటిదేనా? బాగుంది" అన్నారు. అప్పుడు కూడా నాకు తట్టలేదు. మర్నాడు గంగాళాలు తిరిగి పైన పెడుతూ అటక తలుపు తీశాను. ఉత్త గడ్డి. తలుపు మీద ఆ ఏటి వరసలో ఐదు గీతలు. ఐదు తలలూ ఆవిడ కర్మ భోజనంలోనే కూరైపోయాయి. యాభై ఏళ్ళకు పైగా ఒక్క ఏడాది కూడా తెగకుండా ఆవిడ దాటించుకొచ్చినది నేను ఒక్క మాటతో తెంపేశాను.

మట్టిలో విరిగి మిగిలిన ముక్క ఏదైనా మొలుస్తుందని మే నెల దాకా ఆశ పెట్టుకున్నాను. పెండలానికి ఆ గుణం ఉంది. తవ్వేటప్పుడు చిన్న ముక్క మిగిలినా వానలకు తలెత్తుతుంది. కాని ఆ వేసవిలో నీళ్ళు అడుగంటి, సరిగ్గా ఆ మూలనే బోరు వేయించాం. లారీ చక్రాలూ, బోరు బురదా కలిసి ఆ చోటును రాతిబండలా చేశాయి.

ఇక వెతుకులాట మొదలైంది. కె.వి.కుప్పం సంతలో పెండలం అంటే ఎవరికీ తెలియలేదు. వల్లి కిళంగు అంటే చక్కెరవల్లి, అంటే మన చిలగడదుంప, చేతిలో పెట్టారు. పొంగలి ముందు గుడియాత్తం బజారులో రకరకాల దుంపలు రాసులు పోస్తారు. పండుగ పులుసులోకి వాటిని వేయడం ఇక్కడి అలవాటు. ఆ రాసుల్లో ఒక ఏడాది పెండలం కనిపించింది, కోయిస్తే తెల్లగా ఉంది. ఇదే తీగను మలయాళీలు కాచిల్ అంటారనీ, జాఫ్నా తమిళులు ఊదా రంగుదాన్ని రాసవల్లి అని పిలిచి కొబ్బరిపాలతో తియ్యగా వండుకుంటారనీ, గుజరాతీలకు ఇది రతాళు అనీ ఆ వెతుకులాటలోనే తెలిసింది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డయాస్కోరియా అలాటా. అలాటా అంటే రెక్కలున్నదని అర్థం. తీగను వేళ్ళ మధ్య నలిపి చూడండి, నాలుగు పలకలుగా ఉండి అంచుల వెంట సన్నని రెక్కలు తగులుతాయి. దీన్ని గుర్తుపట్టడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. పుట్టిల్లు ఆగ్నేయాసియా అంటారు. పోర్చుగీసువాళ్ళు అమెరికా ఖండం నుంచి తెచ్చిన కర్రపెండలం, చిలగడదుంపల కంటే మన వైపు ఇది చాలా పాత కాపు.

గుజరాతీల మాట విన్నాక దారి దొరికింది. శీతకాలంలో వాళ్ళు చేసే ఉంధియులో ఊదా రతాళు వేస్తారు. చెన్నై సౌకార్‌పేటలో ఆ జనం ఉన్నారు. 2018 జనవరిలో మా అక్క కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు దాన్ని వెంటబెట్టుకుని ఆ సందుల్లో తిరిగితే ఒక కూరల బండి మీద దొరికాయి. రెండు దుంపలు, కలిపి రెండు కిలోలు. కోయకుండానే గోటితో గీరి చూశాను. చిక్కటి ఊదా. రైల్లో వాటిని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. పక్కసీటావిడ ఏమనుకుందో!

తొందర ఎంత పని చేస్తుందో చూడండి. ఇంటికి రాగానే ఒక దుంపను కోసి పాతేసి రోజూ చెంబుతో నీళ్ళు పోశాను. ఇరవై రోజులకు తవ్వి చూస్తే మెత్తగా కుళ్ళి కంపు కొట్టింది. తవ్విన పెండలం రెండు మూడు నెలలు నిద్రపోతుంది. ఆ నిద్రలో దాన్ని తడి మట్టిలో పెడితే మొలక రాదు, కుళ్ళు వస్తుంది. అత్తగారు అటక మీద పెట్టింది ఎలుకల భయానికీ, మా చేతుల భయానికీ మాత్రమే కాదన్నమాట. రెండో దుంపను గడ్డిలో పెట్టి మరిచిపోవడానికి ప్రయత్నించాను. ఏప్రిల్ మొదటివారంలో తల దగ్గర గోధుమగింజంత ఊదా రంగు మొలక కనిపించింది. ఆ పూట నేను చేసిన హడావుడికి మావారు మనవడు పుట్టాడా అని అడిగారు.

ఈసారి పద్ధతిగా చేశాను. తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో 1963 నుంచి కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఉంది. పెండలం మీద అంతగా పనిచేసిన చోటు మన దేశంలో మరొకటి లేదు. ఊదా కండ గల శ్రీ నీలిమ అనే రకాన్ని కూడా వాళ్ళు ఇచ్చారు. వాళ్ళు రైతులకు చెప్పే లెక్కలకూ మా అత్తగారి చేతి లెక్కలకూ పెద్ద తేడా లేదని చూసి ఆశ్చర్యపోయాను. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంత. వాళ్ళ భాషలో 45 సెంటీమీటర్లు. గుంతకూ గుంతకూ మూడడుగులు. ముక్క బరువు పావుకిలో నుంచి 300 గ్రాములు, ప్రతి ముక్కకూ తోలు ఉండి తీరాలి. కోసినచోట పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టాలి. ఆవిడ బూడిద రాసేవారు, వాళ్ళు పేడ అన్నారు, అంతే. గుంతలో తవ్విన మట్టిని బాగా చివికిన పశువుల ఎరువుతో కలిపి ముప్పాతిక వంతు వదులుగా నింపి, ముక్కను పెట్టి, పైన మట్టి కప్పి, దాని మీద ఎండుటాకులు దట్టంగా పరవాలి. మా వైపు ఎండకు ఈ ఆకుల దుప్పటి లేకపోతే మే నెలలో మట్టిలోనే ముక్క ఉడికిపోతుంది. నేల గట్టిగా ఉంటే దుంప వంకరలు తిరిగి వేళ్ళు చాచుతుంది, తర్వాత తవ్వేటప్పుడు విరుగుతుంది. గుంత తవ్వేనాడు పడ్డ కష్టం సంక్రాంతినాడు తప్పుతుంది.

ఇక పందిరి. ఎవరైనా నిర్లక్ష్యం చేసేది ఇక్కడే. చిక్కుడు పందిరి చాలులే అనుకుంటారు. పెండలానికి ఎత్తు కావాలి, ఎండ కావాలి, బరువు మోసే బలం కావాలి. ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా ఉంటే లోపలి ఆకు ఎండ చూడదు, దుంప ఊరదు. మేము తూర్పు పడమరలుగా ఆరు సరుగుడు కర్రలు రెండడుగుల లోతున పాతి, తొమ్మిదడుగుల ఎత్తులో వెదుళ్ళు అడ్డం కట్టి, జానెడు జానెడుకు కొబ్బరి తాడు అల్లాం. కింద ప్రతి మొక్క దగ్గర నుంచి పైకి ఒక తాడు. మొలిచిన పదిహేను రోజుల్లోపే తీగకు దారి చూపాలి, లేకపోతే నేల మీద పాకి తనలో తానే చిక్కుపడుతుంది. ఒక చిత్రం చెప్తాను. ఈ తీగ ఎప్పుడూ ఒకే వైపుకు చుట్టుకుంటుంది. మా మనవరాలు సెలవులకు వచ్చి సాయం చేద్దామని రెండో వైపుకు చుట్టింది. పొద్దున్న లేచి చూస్తే విప్పుకుని నేల మీద ఉంది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ అంతే. మూడోరోజు "అమ్మమ్మా, దీనికి నీ పట్టుదల వచ్చింది" అంది.

ఆషాఢం జల్లులకు తీగ ఊపందుకుంది. భాద్రపదం నాటికి పందిరి కప్పేసింది. కింద మంచం వేసుకుంటే ఆ నీడే వేరు. 2019 సంక్రాంతికి మొదటిసారి తవ్వాం. మూడు గుంతలు, ఎనిమిది కిలోలు. లోపల తోలు నుంచి నడుమ దాకా ఒకటే చిక్కటి వంగపండు రంగు. పులుసు పెట్టాను. చింతపండు పడగానే రంగు గులాబీ వైపు తిరిగింది. దుంపలో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థానికి అది సహజం. పులుపు తగిలితే ఎరుపెక్కుతుంది, వంటసోడా తగిలితే నీలమవుతుంది. మావారు రెండు ముద్దలు తిని, "బాగుంది" అని, కాసేపాగి, "అమ్మది కాదు" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నారు. అత్తగారి దానికి తోలు కింద గీత, లోపల లేత రంగు, జిగురు తక్కువ, పలుకు ఎక్కువ. ఇది వేరే కులం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయినా తలలు దాచాను. తలుపు మీద అత్తగారి గీతల కింద గీయడానికి మనసొప్పక, తలుపు రెండో రెక్క మీద నా గీతలు గీశాను.

2020 మీకు గుర్తే. మార్చిలో పాసింజరు బండ్లు ఆగిపోయాయి. పగలంతా మా స్టేషను వైపు నుంచి చప్పుడు లేదు. పిల్లలు రాలేదు. ఉన్న పనల్లా పెరడే కనుక పందిరిని రెట్టింపు చేశాం. నవంబరు చివర నివర్ తుపాను పుదుచ్చేరి పక్కన తీరం దాటి మా జిల్లా మీదుగా వచ్చింది. 26వ తేదీ పొద్దున్న లేచేసరికి పందిరి మొత్తం మోకాళ్ళ మీద కూలబడి ఉంది. కర్రలు విరగలేదు. నేల మెత్తబడి వేళ్ళతో సహా వంగిపోయాయి. తడిసిన పెండలం తీగ బరువు ఎంతో నాకప్పుడు తెలిసింది.

మావారికి అప్పటికి డెబ్బై దాటాయి. ఎత్తలేకపోయారు. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చే ఆవిడ, రైలుకట్టకు అవతలి పల్లె నుంచి వస్తుంది, క్యాను కింద పెట్టి, కొంగు బిగించి ఒక కొస పట్టుకుంది. సగం ఎత్తాక ఆకు చేతిలోకి తీసుకుని చూసి, "ఏంకా, దీనికి ఇంత పందిరా? మా వేపచెట్టు మీద పడి ఉంటది. వెత్తిలవల్లి" అంది. ఆకు తమలపాకులా ఉంటుంది కనుక తమిళంలో ఆ పేరు. మీకెక్కడిదని అడిగాను. "ఉంగ మామియార్ కొడుత్తదు దాన్" అంది. మీ అత్తగారు ఇచ్చిందే. 1999లో ఆవిడకు పెద్దకూతురు పుట్టినప్పుడు, బాలింత ఇంటికి వెళుతూ అత్తగారు ఒక తల చేతిలో పెట్టి, వేపచెట్టు మొదట్లో పాతుకోమన్నారట.

నేను కర్ర వదిలేశాను. పందిరి మళ్ళీ పడింది. మావారు కేకలేశారు.

ఆ సాయంత్రమే కట్ట దాటి వెళ్ళాం. పశువుల పాక వెనక వేపచెట్టు. దాని మీదికి చిటారు కొమ్మ దాకా పసుపు తిరుగుతున్న ఆకులు. ఇరవయ్యొక్కేళ్ళుగా దానికి గుంత తవ్వినవాళ్ళు లేరు, తాడు కట్టినవాళ్ళు లేరు. పేడదిబ్బ పక్కన ఉండడమే దాని భాగ్యం. ఎలా కాపాడావమ్మా అని అడిగితే ఆవిడకు ప్రశ్నే అర్థం కాలేదు. పొంగలికి పక్క నుంచి మట్టి తోడి, దుంపను కింద నుంచి కావలసినంత కోసుకుని, తీగకు అంటుకున్న పై ముక్కను అక్కడే ఉంచి మట్టి కప్పేస్తారట. వానలకు అదే మొలుస్తుంది. అటకా లేదు, గడ్డీ లేదు, గీతలూ లేవు. తల అసలు వంటింటి గడపే తొక్కదు, ఇక వంటవాడు అడిగేదేముంది! అత్తగారి పద్ధతికి ఇల్లాలు ఏమరపాటు లేకుండా ఉండాలి. ఆవిడ పద్ధతికి అక్కర్లేదు. అయితే దుంప ఏటికేడు అదే గుంతలో ఇరుక్కుని పెద్దగా ఊరదు, చీమలు, ఎలుకలు తినగా మిగిలినదే మనది. నేనిప్పుడు రెండు పద్ధతులూ చేస్తున్నాను. ఎనిమిది గుంతల్లో ఏడు తవ్వుతాను, ఒకటి వేపచెట్టు పద్ధతిలో మట్టిలోనే వదిలేస్తాను.

2021 సంక్రాంతికి ఆవిడ ఒక దుంప తవ్వి తెచ్చి ఇచ్చింది. కత్తిపీట మీద పెట్టి చీల్చాను. తోలు కింద గీత. లోపల లేత ఊదా. పైన జానెడు ముందే కోసి పక్కన పెట్టి, మిగిలినదానితో ఆవ పెట్టి కూర చేశాను. మావారు ఏమీ అనలేదు. మారు వడ్డించమన్నారు. భోజనమయ్యాక చేయి కడుక్కుని, పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసుకుని, ముక్కాలిపీట వేసుకుని అటక తలుపు తీశారు. 2016 వరస కింద ఐదేళ్ళ జాగా వదిలి ఒక్క గీత గీశారు.

ఇక పాఠకులకు పనికొచ్చే నాలుగు మాటలు. ఫ్లాట్లలో ఉండేవారు ఇది మనకు కాదనుకోవద్దు. బెంగుళూరులో మా తమ్ముడి మరదలు డాబా మీద పెద్ద సిమెంటు బస్తాలో సగం మట్టి, సగం ఎరువు, ఎండాకు నింపి, అడుగున నీరు పోయే తూట్లు పెట్టి, పిట్టగోడ ఇనుప చువ్వలకు తాళ్ళు కట్టి పెంచింది. కిలోన్నర వచ్చింది. బస్తాలో ఒక సుఖం, తవ్వక్కర్లేదు, చింపితే చాలు. వానలు ముసురు పడితే ఆకూ తీగా నల్లబడి మాడిపోయే తెగులు ఒకటి దీనికి పెద్ద శత్రువు. తెగులు తగిలిన ఆకును వెంటనే తీసి దూరంగా పారేయాలి. తగిలిన మొక్క నుంచి తల దాచకూడదు. తీగ మీద ఒక్కోసారి చిన్న చిన్న గాలిదుంపలు కాస్తాయి, అవీ మొలుస్తాయి. అయితే అడవిలోనో, కంచెల మీదో కనిపించే ఇలాంటి తీగలన్నీ పెండలం అనుకుని వండేయకండి. వాటిలో చేదు, విషం ఉన్న రకాలున్నాయి. అడవి మనుషులు వాటిని ఉడికించి, నీళ్ళు మార్చి, ఏటిలో ఊరబెట్టి తింటారు. ఆ విద్య మనకు లేదు. పెరటి పెండలమైనా సరే పచ్చిగా తినేది కాదు.

ఇది చదివే మన పిల్లలు అమెరికాలో ఉంటే ఒక హెచ్చరిక. అక్కడ డబ్బాల మీద యామ్ అని రాసి అమ్మేది చాలావరకు చిలగడదుంపే. అసలైన ఊదా పెండలం కావాలంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ కొట్టుకు వెళ్ళి ఉబే అని అడగాలి. తురిమి గడ్డకట్టించిన పొట్లాలు దొరుకుతాయి. మా అమ్మాయి దానితో ఐస్‌క్రీము చేసి, "మామ్మ పెండలం ఇక్కడ చాలా గొప్పదైపోయింది" అని ఫొటో పంపింది. అక్కడ పెంచడం మాత్రం అంత తేలిక కాదు. దీనికి ఎనిమిది, తొమ్మిది నెలల వెచ్చదనం కావాలి. పగళ్ళు పొట్టివయ్యాకనే దుంప ఊరడం మొదలవుతుంది, సరిగ్గా అప్పటికి ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు పడుతుంది. ఫ్లోరిడాలో ఉన్నవారు అసలు నాటవద్దు. అక్కడ ఇది అడవుల్లోకి పాకిపోయి, హానికరమైన కలుపుల జాబితాలో చేరింది. మనం ట్రంకు పెట్టెలో దాచుకుని తెచ్చుకున్నదాన్ని మరొకచోట పీకి పారేస్తున్నారంటే మొదట వినడానికి కష్టంగానే ఉంటుంది.

వంట సంగతి చెప్పకపోతే ఊరుకోరు కనుక ఒక్కటి. చేతికి నూనె రాసుకుని, తోలు మందంగా తీసి, వేలెడు ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు వేసి ముప్పాతిక వంతు ఉడికించండి. నీళ్ళు వార్చి చింతపండు పులుసు కొంచెం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో వేసి మగ్గాక, దించేముందు కాదు, దించాక చల్లారనిచ్చి నూరిన ఆవముద్ద కలపండి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. ఇదీ అత్తగారి మాటే. రంగు పోతుందని పసుపు మానేవారున్నారు. మానండి, నాకు అభ్యంతరం లేదు.

ఈ ఏడు అటక మీద తొమ్మిది తలలున్నాయి. ఏడు అత్తగారివి, రెండు సౌకార్‌పేటవి. ఒకటి పాలావిడ రెండో కూతురికి. ఆ అమ్మాయికి మేల్పట్టి వైపు సంబంధం కుదిరింది, తీసుకెళతానంది. మూడు ఎవరికైనా ఇవ్వగలను. లత్తేరిలో పాసింజరు దిగి రైలుకట్ట వెంట నడుస్తూ పెద్ద పందిరి ఉన్న ఇల్లు ఏదని అడగండి, చూపిస్తారు. వచ్చేవారు ఏప్రిల్ దాటకుండా రండి. మొలక వచ్చాక తలను ప్రయాణం చేయిస్తే మొలక విరుగుతుంది. గుడ్డ సంచీ తెచ్చుకోండి, ప్లాస్టిక్ సంచీలో ఇవ్వను.